కాల్షియం సీసా

ముందు కేసు అయ్యేసరికి గంట పడుతుందని చెప్పి, స్ట్రెచర్ తోసుకొచ్చిన మనిషి దాన్ని ఆపరేషన్ థియేటర్ తలుపు పక్కన గోడవారగా నిలిపాడు. చక్రానికున్న బ్రేకును కాలితో ఒక్క తాపు తన్ని వెళ్ళిపోయాడు. గంట చాలా ఎక్కువ. చెప్పాల్సిన మాటకు పది సెకన్లు చాలు. డాక్టరుగారూ, నాకు హెచ్ఐవీ ఉంది, పది వారాల నుంచి మందులు వాడుతున్నాను. అంతే. అగ్గిపెట్టె మీద అంటించే కాగితంలో పట్టేస్తుంది, పైన కంపెనీ గుర్తుకు చోటు కూడా మిగులుతుంది. ఇరవై ఆరేళ్ళుగా సబ్బులకూ, సీసాలకూ, బల్బు పెట్టెలకూ లేబుళ్ళు అచ్చువేస్తున్న మనిషికి ఏ మాట ఎంత చోటు తింటుందో వేరే చెప్పాలా? ప్రెస్సులో ఆయన పేరు ఎప్పుడో మరిచిపోయారు, లేబుల్ మాస్టారు అనే పిలుస్తారు. ఆ మాస్టారు ఇప్పుడు పచ్చ దుప్పటి కింద, మోకాళ్ళు ముడుచుకుని, ఆ పది సెకన్ల మాటను పొద్దుట్నుంచి మింగుతూ ఉన్నాడు. మింగిన ప్రతిసారీ అది మళ్ళీ గొంతు దాకా వస్తోంది.

నొప్పి కుడివైపు, బొడ్డుకు నాలుగు వేళ్ళ కింద. నిన్న సాయంత్రం వరకు అది నొప్పి కాదు, ఊరికే ఒక బరువు. రెండు వారాలుగా సాయంత్రాలు కాస్త జ్వరం, కాస్త చెమట, అన్నం ముందు కూర్చుంటే విసుగు. పొద్దున్న పళ్ళు తోముకుంటూ వంగాడు, అంతే, మళ్ళీ నిటారుగా లేవలేకపోయాడు. అక్క ఆటో పిలిచింది, ఆటోలో ఎక్కించింది, దారి పొడుగునా డ్రైవరుకు తమ్ముడి కడుపు గురించి పూర్తిగా చెప్పింది. సర్జను వచ్చి రెండు వేళ్ళతో అక్కడే నొక్కి, ఠక్కున వదిలాడు. నొక్కినప్పటి కంటే వదిలినప్పుడు ప్రాణం పోయినంత పనయింది. అపెండిక్స్ అన్నాడు. స్కాన్‌లో పక్కన గ్రంథులు కూడా వాచినట్టు ఉన్నాయని తనలో తను గొణుక్కుని, ఆలస్యం చేస్తే లోపల పగిలి చీము అంతా పొట్టలో పరుచుకుంటుంది, పన్నెండు లోపల తీసేద్దాం అన్నాడు. ఆ తర్వాత నర్సమ్మ కాగితం తెచ్చింది. హెచ్ఐవీ పరీక్షకు ఒప్పుకుంటున్నాను అని ఒక గడి, ఒప్పుకోవడం లేదు అని ఒక గడి. రెండో గడి మొదటిదాని కంటే ఒక వెంట్రుకవాసి కిందికి జారి ఉంది. ప్లేటు సరిగ్గా బిగించకుండా అచ్చువేశారు, ఎవడో పనిమంతుడు. అదే చూస్తూ, అదే తిట్టుకుంటూ, ఆ జారిన గడిలో టిక్కు పెట్టేశాడు. ఎందుకండీ, చేయించుకోవచ్చు కదా అంది నర్సమ్మ. మొన్నే చేయించాను, ఏమీ లేదు అన్నాడు. అబద్ధం చెప్పడం ఇంత తేలికా అని తనకే ఆశ్చర్యం వేసింది.

పైన ట్యూబులైటు ఒకటి ఆగి ఆగి వెలుగుతోంది. నోరు పిడచ కట్టుకుపోయింది, ఆపరేషన్ ముందు నీళ్ళు ఇవ్వరట. మందుల కేంద్రంలో మేడమ్ మాత్రం ఎప్పుడు వెళ్ళినా ముందు నీళ్ళ గ్లాసు పెట్టేది, తర్వాతే మాట. సన్నగా, పొడుగ్గా, కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని, ఎదుటి మనిషి ముఖం కాకుండా చేతుల వైపు చూస్తూ మాట్లాడే మనిషి. పది వారాల కిందట మొదటి సీసా చేతిలో పెట్టి ఒక మాట చెప్పింది. అదే మాట మూడుసార్లు చెప్పింది, తిరిగి అప్పజెప్పించుకుంది కూడా. "మీ ఒంట్లో రోగనిరోధక శక్తి బాగా తగ్గిపోయి ఉందండీ. లోపల ఎక్కడో టీబీ దాక్కుని ఉన్నా ఇన్నాళ్ళూ మీ ఒంటికి దాంతో పోట్లాడే ఓపిక లేదు. ఈ మందుతో ఓపిక వస్తుంది. వచ్చిందంటే ఆ పోట్లాట మొదటి మూడు నెలల్లోనే మొదలవ్వొచ్చు. జ్వరం రావచ్చు, మెడలోనో కడుపులోనో గ్రంథులు వాచిపోవచ్చు. మందు పడలేదని మానేయకండి. మా దగ్గరకు పరిగెత్తుకు రండి. ఇంకో ఆసుపత్రిలో చేరాల్సి వస్తే మాత్రం ముందు ఈ సంగతి చెప్పండి. లేకపోతే వాళ్ళు ఇంకేదో అనుకుని అనవసరంగా కోస్తారు." కోస్తారు అని అచ్చంగా అదే మాట అంది. అప్పుడు మాస్టారు నవ్వాడు. నన్నెవరు కోస్తారండీ అన్నాడు. కేంద్రం నంబరు ఫోనులో కాగితం షాపు అని రాసి ఉంది. ఆ ఫోను ఇప్పుడు అక్క సంచిలో ఉంది. అక్క సంచి అక్క ఒళ్ళో ఉంది. అక్క బయట బెంచీ మీద, అద్దం తలుపుకు అవతల, పక్కన కూర్చున్న ముసలాయనకు ఏదో చెబుతోంది, చేతులు ఊగుతున్నాయి.

ఎక్కడ అంటుకుంది, ఎప్పుడు, ఎవరి వల్ల అని మొదటి వారం ఆలోచించాడు. ఆలోచిస్తే ఒకటి రెండు ముఖాలు గుర్తొచ్చాయి, పదేళ్ళ కిందటివి, ఆ ముఖాల మీద కోపం కూడా రాలేదు. తర్వాత ఆ ఆలోచన దానంతటదే అరిగిపోయింది. రోజూ ఒక మాత్ర వేసుకోవాలి, బతికినంత కాలం. వేసుకుంటే మామూలు మనుషుల్లాగే బతకొచ్చు, ఒకరికి అంటించే భయం కూడా పోతుంది. మేడమ్ చెప్పింది ఇంతే. ఇందులో ఏడవడానికి ఏముంది? చిక్కంతా సీసాతోనే వచ్చింది. దాని మీద మందు పేరు ఇంత లావు అక్షరాల్లో ఉంది. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు, ఒకటే అలమర, అందులో సగం అక్కది. దాచడానికి చోటు ఎక్కడిది? అయినా లేబుళ్ళు వేసేవాడికి దాచడం ఎందుకు?

ఆదివారం ప్రెస్సులో ఎవరూ లేనప్పుడు కూర్చున్నాడు. ఇరవై ఆరేళ్ళుగా ఎవరో చెప్పింది వేశాడు, ఎవరో చెప్పిన రంగు, ఎవరో చెప్పిన అక్షరం. ఇది మాత్రం తనది. కంపెనీ పేరు తనే పెట్టాడు, చిరునామా తనే పుట్టించాడు, బ్యాచి నంబరు వేశాడు, గడువు తేదీ వేశాడు. లేత నీలం నేల మీద తెల్లటి అక్షరాలు. కాల్షియం మాత్రలు, ఎముకల బలానికి, రోజుకు ఒకటి. అక్కడితో ఆపేస్తే సరిపోయేది. కానీ కుడివైపు కాస్త చోటు బోసిగా కనిపించింది. బోసిగా ఉంటే మాస్టారికి చెయ్యి ఊరుకోదు. పాత బొమ్మల డబ్బాలో వెతికి ఒక మోకాలి బొమ్మ తీశాడు. వంగిన కాలు, కీలు దగ్గర బంగారు రంగు వలయాలు. అద్భుతంగా కుదిరింది. ఒక ఖాళీ సీసాకు అంటించి, దూరంగా పెట్టి చూసుకుని, ఇంత మంచి లేబుల్‌ను ఎవరికీ చూపించలేకపోతున్నందుకు నిజంగా బాధపడ్డాడు. తెల్లటి పొడుగాటి మాత్రలన్నీ అందులోకి ఒంపి, అలమరలో అందరికీ కనిపించే చోట, దువ్వెన పక్కన పెట్టాడు.

మొదటి నెలలోనే లెక్క తేడా కొట్టింది. ముప్పై మాత్రలు, ఇరవై ఎనిమిదో రోజు కేంద్రానికి రమ్మన్నారు, మిగిలిన రెండూ తెచ్చి చూపించమన్నారు. ఇరవై నాలుగో రోజుకే సీసా ఖాళీ. బోర్లించి కొట్టి చూశాడు. మంచం కింద వెతికాడు. అచ్చు లెక్కలో ఒక్క కాగితం తేడా రానివ్వని మనిషి, ముప్పై మాత్రల దగ్గర బోల్తా పడ్డాడు. సిగ్గేసి ముందుగా వెళ్ళలేదు, నాలుగు రోజులు మందు లేకుండానే గడిపాడు. మేడమ్ కళ్ళజోడు పైనుంచి చూసింది. "త్వరగా తగ్గుతుందని రెండేసి వేసుకుంటున్నారా?" లేదండీ అన్నాడు. "మానేస్తున్నారా? పారేస్తున్నారా? నిజం చెప్పండి, నేనేం తిట్టను. మధ్యలో ఆపితే రోగం మందుకు అలవాటు పడిపోతుంది, అదే నా భయం." లేదండీ. "ఇంట్లో పిల్లలున్నారా?" లేరండీ, అక్క ఉంది, ఆవిడ నా వస్తువులు ముట్టుకోదు. రెండో నెల మళ్ళీ అదే, ఇంకో రోజు ముందే అయిపోయాయి. ఈసారి పరిగెత్తుకెళ్ళి తెచ్చుకున్నాడు, తల ఎత్తి మేడమ్ వైపు చూడలేదు. తన బుర్రే పాడవుతోందేమో అనుకున్నాడు. ఈ జబ్బు మెదడుకు కూడా ఎక్కుతుందని ఎక్కడో చదివాడు. అప్పట్నుంచి ప్రెస్సులో క్యాలెండరు వెనకవైపు, మాత్ర వేసుకున్న రోజుకల్లా ఒక గీత గీస్తున్నాడు.

థియేటర్ లోపల ఇనుప పళ్ళెంలో ఏదో పడిన చప్పుడు. నొప్పి మళ్ళీ ఎక్కుతోంది, మెల్లగా, మెట్లు ఎక్కినట్టు. మెట్లు. అక్క ఈ మధ్య మెట్లు బాగానే ఎక్కుతోంది. కిందటేడు మూడో అంతస్తుకు రావడానికి రెండుచోట్ల కూలబడేది, ఈ మెట్లు కట్టినవాణ్ణి వాడి పై మూడు తరాలతో కలిపి దీవించేది. పాతికేళ్ళు బట్టల కొట్టు వెనక గదిలో కాలి కుట్టు మిషను తొక్కితే మోకాళ్ళు అరగక ఏమవుతాయి? ప్యాంట్లు పొట్టివి చేయడం, జిప్పులు మార్చడం, ఊరందరి నడుముల కొలతలూ ఆవిడకు తెలుసు. ఎవరు లావయ్యారో, ఎవరు చిక్కారో, ఎందుకు చిక్కారో కూడా తెలుసు. అక్క నోట్లో నువ్వుగింజ నానదు. చెడ్డది కాదు, అమ్మ పోయాక తనను పెంచింది అక్కే, ఆ పెంపకంలోనే పెళ్ళి సంగతి మరిచిపోయింది. తమ్ముడు కాస్త తుమ్మితే సాయంత్రానికల్లా వీధి వీధంతా కషాయాలు చెబుతుంది. కానీ అది కాదు భయం. వీధి ఏమనుకుంటే ఏముంది, వీధితో కలిసి అన్నం తింటామా?

భయం ఎర్ర దారం. నాలుగేళ్ళ కిందట కొట్టులో అక్క పక్కన గుండీలు కుట్టే అమ్మాయి ఒకతి ఉండేది, చురుకైన పిల్ల, బాగా నవ్వేది. ఆ పిల్లకు ఇదే జబ్బని ఎలాగో బయటపడింది. అక్క ఒక్క చెడ్డమాట అనలేదు. ఒక స్టీలు గ్లాసు తీసి, దాని మెడకు ఎర్ర దారం నాలుగు చుట్లు చుట్టి, గట్టిగా ముడివేసి, నీళ్ళ కుండ పక్కన విడిగా పెట్టింది. ఇంటికొచ్చి ఆ మాట తనే చెప్పింది, అన్నం వడ్డిస్తూ. పాపం, దానికేం తక్కువ చేయలేదురా, గ్లాసు ఒక్కటే వేరు పెట్టాను అంది. నెల తిరక్కుండానే ఆ పిల్ల పని మానేసింది. ఎందుకు మానేసిందో అక్కకు ఈ రోజుకీ అర్థం కాలేదు. అప్పుడు మాస్టారు కూడా ఏమీ అనలేదు, పెరుగు కలుపుకుంటూ ఊ కొట్టాడు. ఇప్పుడు తన గ్లాసుకు దారం కడుతుందా? కట్టదు, తమ్ముడు కదా. కట్టకుండా ఉండటానికి ఎంత కష్టపడుతుందో, గ్లాసు అందుకునేటప్పుడు ఒక్క క్షణం ఆగుతుందో లేదో, ఆ ఒక్క క్షణం కోసం తను రోజూ కనిపెట్టుకుని చూడాలి. ఒకే అలమర, ఒకే కంచాల బుట్ట, రెండు గదులు.

అందుకని కోయనీ. ఒక గీత కోస్తారు, ఏడు కుట్లు వేస్తారు, లోపల అపెండిక్స్ బాగానే ఉందని తెలుసుకుని నాలిక కరుచుకుంటారు, మళ్ళీ మూసేస్తారు. వారం పోయాక మెల్లగా కేంద్రానికి వెళ్ళి మేడమ్‌కు చెప్పొచ్చు. టీబీ అయితే టీబీ మందులు ఇస్తుంది. కుట్లు మానుతాయా, ఇంత తక్కువ శక్తి ఉన్న ఒంటికి? మానకపోతే చీము పడుతుందా? కడుపులో చీము పడితే మనిషి దక్కుతాడా? ఆ ప్రశ్నల దగ్గర మాస్టారు బుర్ర కట్టేసిన మిషనులా ఆగిపోతోంది. కోసేవాళ్ళ చేతికి సూది గుచ్చుకుంటే? వాళ్ళు అందరికీ జాగ్రత్తలు తీసుకుంటారు, మేడమే చెప్పింది కదా అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు, ఆ సర్దుబాటు తనకే నచ్చలేదు. ఏదైనా సరే. ఒక గీత, ఏడు కుట్లు. నిర్ణయం అయిపోయింది, కాస్త హాయిగా కూడా అనిపించింది.

తలుపు తెరుచుకుంది. సర్జను ముక్కుగుడ్డ కిందికి లాగి, చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. అద్దం తలుపు తీసి అక్కను పిలిచాడు. అక్క ఒక్క ఉదుటున లేచింది, చెయ్యి ఊతం లేకుండా.

"పేషెంటుకు షుగరు, బీపీ ఏమైనా ఉన్నాయా అమ్మా? రోజూ వేసుకునే మందులేమైనా?"

"ఏమీ లేవు బాబూ. వాడికి మందులంటే పడవు. ఇదిగో, బలానికి ఈ కాల్షియం ఒక్కటే వేసుకుంటాడు. అడుగుతారని సీసా సంచిలో వేసుకొచ్చాను."

సర్జను సీసాను వెలుతురులోకి ఎత్తి చూశాడు. చదివాడు. మూత తీసి లోపలికి కూడా చూశాడు. మాస్టారు పడుకునే మెడ తిప్పి చూశాడు. ఎంతోమంది చేతుల్లో ఎన్నో లేబుళ్ళు చూశాడు, ఇంత శ్రద్ధగా చదివినవాణ్ణి ఇదే చూడటం.

"ఈ కంపెనీ ఎప్పుడూ వినలేదే."

"మంచి కంపెనీ బాబూ," అంది అక్క, తనకు వాటా ఉన్నంత ధీమాగా. "వాడికంటే నాకే బాగా పనిచేసింది. బొమ్మ చూశారుగా, మోకాళ్ళకని వేసి ఉంది. నొప్పి ఎక్కువైన రోజు ఒకటి తీసి వేసుకుంటాను, వారానికి ఒకటో రెండో. వాడికి చెప్పలేదులెండి, నీకు విడిగా కొంటానంటూ హడావిడి చేస్తాడు. కిందటేడు మెట్లెక్కలేకపోయేదాన్ని, ఇప్పుడు చూడండి."

ఆరు మాత్రలు. తర్వాత ఏడు. నాలుగు రోజుల ఖాళీ. మేడమ్ కళ్ళజోడు. క్యాలెండరు వెనక గీతలు. బోసిగా ఉందని తను దిద్దిన బొమ్మ, కీలు చుట్టూ బంగారు వలయాలు. తన బుర్ర పాడవలేదు, లెక్క తప్పలేదు, లెక్క అక్క కడుపులోకి పోయింది. అక్కకు బీపీ ఉంది. ఈ మందు మొదలుపెట్టే ముందు తనకు కిడ్నీల పరీక్ష చేశారు, చేసి సరేనన్నాకే ఇచ్చారు. అక్కకు ఎవరు చేశారు? రేపు తను మత్తులో పడుంటే, నొప్పి ఎక్కువైందని అక్క మరొకటి వేసుకుంటుంది. ఎల్లుండి మరొకటి. మోకాళ్ళ నొప్పులున్న పక్క వాటా వాళ్ళకు కూడా పెడుతుంది, అక్క చెయ్యి అలాంటిది. తన పొట్ట తనిష్టం, కోయించుకోవచ్చు. అక్క పొట్ట ఎవరిష్టం?

"డాక్టరుగారూ," అన్నాడు. మోచేతి మీద లేచాడు, కడుపులో కత్తి దిగినంత నొప్పి. "అది కాల్షియం కాదండీ. ఆ లేబుల్ నేనే వేశాను. అది హెచ్ఐవీ మందు, నాకు హెచ్ఐవీ ఉంది. మందు మొదలుపెట్టి పది వారాలైంది. మొదటి మూడు నెలల్లో ఇలా కడుపులో గ్రంథులు వాస్తాయనీ, టీబీ అయివుండొచ్చనీ, కోసే ముందు చెప్పమనీ చెప్పారు. చెప్పలేదు, తప్పే. నన్ను తర్వాత చూద్దురుగాని. అక్క ఆ మాత్రలు మింగింది, ముందు ఆవిణ్ణి చూడండి."

పది సెకన్ల కంటే కాస్త ఎక్కువే పట్టింది.

సర్జను మాస్టారి వంకా, సీసా వంకా, మళ్ళీ మాస్టారి వంకా చూశాడు. అరుస్తాడనుకున్నాడు, అరవలేదు. స్కాన్ కాగితం తెప్పించి కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు చూశాడు. కాగితం షాపుకు ఫోను కలిపారు. మేడమ్ గొంతు స్పీకరులో గలగలమంది, రక్తంలో శక్తి ఎంత ఉందో, ఏ తేదీన ఏ మందు ఇచ్చిందో తడుముకోకుండా చెప్పింది. ఇప్పుడు కోయనన్నాడు సర్జను. "ఇంకో మంచి స్కాన్ తీద్దాం, సూదితో గ్రంథిలోంచి కాస్త నీరు తీసి టీబీ పరీక్షకు పంపుదాం. మందుల మీద దారికి రావచ్చు. పేగుకు చిల్లు పడితే మాత్రం కోయక తప్పదు, అది మీకు తెలిసే ఉండాలి. మందు ఆపొద్దు. అమ్మా, మీకు కూడా ఓసారి రక్తం తీసి కిడ్నీలూ లివరూ చూద్దాం. వారానికి ఒకటీ రెండూ అంటున్నారు కాబట్టి పెద్ద భయం లేదు. ఇంక ముట్టుకోకండి." వెళ్తూ వెళ్తూ ఆగి, "నేను మోసపోయానండీ," అన్నాడు. "ఆ బ్యాచి నంబరు చూసి నమ్మేశాను."

అక్క ఏమీ అనలేదు. ఊహ తెలిసినప్పటి నుంచి మాస్టారు అక్కను మాట లేకుండా చూడలేదు, నిద్రలో కూడా ఏదో ఒకటి అంటూనే ఉంటుంది. సంచి భుజాన వేసుకుని, అటు తిరిగి, వరండా చివరిదాకా నడిచి, మలుపు తిరిగింది. స్ట్రెచర్‌ను మళ్ళీ వార్డుకు తోశారు. కిటికీ పక్క మంచం. చేతికి మళ్ళీ సెలైను, నొప్పికి ఒక సూదిమందు. నర్సమ్మ వచ్చి, ఇప్పుడు నీళ్ళు తాగొచ్చు, కొద్దికొద్దిగా అంది. ఆ కాగితం ఆమె చేతిలోనే ఉంది, జారిన గడిలో టిక్కు. ఇంకో కాగితం ఇస్తాను, సరిగ్గా నింపండి అంది. మాస్టారు తలుపు వైపే చూస్తున్నాడు. పావుగంట. ఇరవై నిమిషాలు. ఇంటికి వెళ్ళిపోయి ఉంటుంది. వెళ్ళనీ, అలమరలో తన సగం సర్దుకుంటుందేమో. తాళంచెవి ఆవిడ దగ్గరే ఉంది. కళ్ళు మండాయి, మూసుకున్నాడు.

మంచం కుంగింది. అక్క అంచున కూర్చుని ఉంది, మోచేతి మడతలో దూది అంటించి ఉంది, రక్తం ఇచ్చి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. సంచిలోంచి నీళ్ళ ఫ్లాస్కు తీసి, మూతలోకి ఒంపి, ముందు తనే గటగటా తాగింది. మళ్ళీ ఒంపింది. తుడవలేదు, తిప్పలేదు, తను తాగిన వైపే తమ్ముడి పెదవులకు ఆనించింది. మాస్టారు ఆ ఒక్క క్షణం కోసం కనిపెట్టుకుని చూశాడు. అక్క చెయ్యి ఎక్కడా ఆగలేదు. నీళ్ళు గొంతులోకి దిగుతుంటే ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

"దాని గ్లాసుకు దారం కట్టానురా," అంది అక్క, నేల వంక చూస్తూ. "ఆ గుండీల పిల్లకు. నాలుగు చుట్లు చుట్టాను. అందుకేగా నువ్వు నాకు చెప్పలేదు?"

అవునని తల ఊపాడు. అక్క కూడా తల ఊపింది. మూతలో మిగిలిన గుక్క తనే తాగేసింది, సంచి జిప్పు వేసింది, ముక్కు చీదుకుంది. ఆ పిల్ల ఎక్కడుందో కొట్టులో అడగాలి అంది. తర్వాత సీసా తీసి ఒళ్ళో పెట్టుకుని, బొమ్మ మీద బొటనవేలితో రాస్తూ చాలాసేపు ఆలోచించింది.

"అది సరేగానీ," అంది చివరికి, లోకంలో తేలాల్సింది ఇక ఇదొక్కటే మిగిలిందన్నట్టు, "మరి నా మోకాళ్ళు ఎలా తగ్గాయిరా?"

నవ్వితే కుట్లు తెగుతాయేమోనని మాస్టారు చేత్తో పొట్ట పట్టుకున్నాడు. అక్కడ కుట్లేమీ లేవు.